రేపటి లోడు తెలియక ముందే కదలాల్సిన లారీ

గుంటూరు మిర్చి యార్డులో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఊపిరాడని సీజన్. ఒక్క రోజులో లక్షకు పైగా టిక్కీలు దిగడం ఆ నెలల్లో మామూలే. టిక్కీ అంటే 40 కిలోలకు కాస్త అటూ ఇటూగా తొక్కి కుట్టిన మిర్చి బస్తా. లక్ష టిక్కీలంటే 4,000 టన్నుల సరకు. కొన్న వ్యాపారి అందులో కొంత కోల్డ్ స్టోరేజీకి పంపుతాడు, కొంత ఆ రాత్రికే బయటి రాష్ట్రాలకు ఎక్కిస్తాడు. ఏది ఎంతన్నది ఆ రోజు పలికిన ధర మీద, అవతలి ఊరి పార్టీ నుంచి వచ్చే ఫోన్ మీద ఆధారపడి ఉంటుంది. మధ్యాహ్నం దాటితే గానీ తేలదు. లారీ మాత్రం సాయంత్రానికల్లా యార్డు దగ్గర ఉండాలి. ఒంగోలులోనో సూర్యాపేటలోనో ఖాళీ అయిన బండిని గుంటూరు రమ్మనాలంటే ఆ మాట పొద్దున్నే చెప్పాలి. వంద, నూట యాభై కిలోమీటర్లు డీజిల్ కాల్చుకుని, టోల్ కట్టుకుని ఖాళీగా వచ్చిన ఆ బండికి లోడు దొరకొచ్చు, దొరక్కపోవచ్చు.

సరకు రవాణాలో ప్లానింగ్ అనేదంతా ఈ కొన్ని గంటల తేడాలోనే ఉంది. డిమాండ్ పెరగడం, తగ్గడం ప్రతి వ్యాపారానికీ ఉంటుంది. చెప్పుల దుకాణంలో ఇవాళ అమ్ముడుపోని జత రేపు అమ్ముడుపోతుంది. లారీలో ఇవాళ ఖాళీగా పోయిన జాగా రేపు అమ్మడానికి మిగలదు. పైగా ఆ లారీ ఇవాళ వెళ్లిన చోటే రేపు ఉంటుంది. ఇవాళ్టి నిర్ణయం రేపటి బండిని ఫలానా ఊళ్లో కట్టేసినట్టే.

ఈ సంగతిని మొదట గణితంలోకి తెచ్చినవాళ్లలో జార్జ్ డాంట్జిగ్ ఒకరు. లీనియర్ ప్రోగ్రామింగ్‌తో, అంటే ఉన్న పరిమితుల్లో అన్నిటికన్నా మంచి ఎంపికను లెక్కగట్టే గణిత పద్ధతితో, పేరు తెచ్చుకున్న ఆయన 1956లో అలెన్ ఫెర్గూసన్‌తో కలిసి ఒక లెక్క చేసి చూపించారు. ఏ రూట్లో ఎంతమంది ఎక్కుతారో ఖాయంగా తెలియనప్పుడు ఏ విమానాన్ని ఏ రూటుకు వేయాలి అన్నది అందులోని ప్రశ్న. ఆ లెక్క వెనకున్న ఆలోచన లారీలకు కూడా సరిగ్గా అతుకుతుంది. డిమాండ్ తెలియక ముందే తీసుకోక తప్పని నిర్ణయాలు కొన్ని ఉంటాయి: ఎన్ని లారీలు కొనాలి, ఏ ఫ్యాక్టరీతో ఏడాది కాంట్రాక్టు రాసుకోవాలి, ఏ ఊళ్లో బ్రాంచి పెట్టాలి. తెలిశాక దిద్దుకోగలిగేవి కొన్ని: బయటి లారీని కిరాయికి మాట్లాడటం, సరకును రేపటికి ఆపడం, పక్క ఊరి బండిని రప్పించడం. ముందు తీసుకున్న నిర్ణయం మంచిదో కాదో దాని ఖర్చు ఒక్కటే చూస్తే తేలదు. తర్వాత దిద్దుకోవడానికి ఎంత అవుతుందో కూడా కలిపితేనే తేలుతుంది.

చాలా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో మాత్రం లెక్క సగటు మీద నడుస్తుంది. ఒక చిన్న ఉదాహరణ వేసుకుని చూస్తే ఆ పద్ధతిలోని మోసం బయటపడుతుంది. ఒక పార్టీకి రోజుకు ఒక్కోసారి 6 లారీలు కావాలి, ఒక్కోసారి 14 కావాలి అనుకుందాం. రెండింటికీ సమాన అవకాశం. సగటు 10 కాబట్టి ఓనరు 10 లారీలు పెట్టుకున్నాడు. నడిచిన లారీకి ఖర్చులన్నీ పోను రోజుకు 6,000 మిగులుతుంది. నిలబడ్డ లారీకి ఫైనాన్స్ వాయిదా, ఇన్సూరెన్స్, డ్రైవర్ బత్తా కలిపి 2,500 పోతుంది. సగటు చూసుకున్న ఓనరు రోజుకు 60,000 వస్తుందని బ్యాంకుకు కాగితం రాసిస్తాడు. నిజంగా ఏమవుతుంది? తక్కువ లోడు ఉన్న రోజు ఆరు బండ్ల మీద 36,000 వచ్చి, నాలుగు బండ్ల మీద 10,000 పోయి 26,000 మిగులుతుంది. ఎక్కువ లోడు ఉన్న రోజు పది బండ్లే నడుస్తాయి, 60,000 వస్తుంది. మిగతా నాలుగు లోడ్లు వేరేవాళ్లకు పోతాయి. రెండూ కలిపి సగం చేస్తే 43,000. కాగితం మీదికీ చేతికొచ్చిన దానికీ రోజుకు 17,000 తేడా. ఓనరు పని చేతకానివాడేం కాదు. డిమాండ్ తగ్గిన రోజు నష్టం ఆయన మీద పడుతుంది, పెరిగిన రోజు లాభం మాత్రం ఆయన చేతికి అందదు. సగటు ఈ తేడాను దాచేస్తుంది.

మరి ఎన్ని బండ్లు ఉండాలి? డిమాండ్ 6 నుంచి 14 దాకా ఏదైనా సమానంగా రావచ్చు అనుకుందాం. లోడు ఎక్కువైన రోజు బయటి లారీ మాట్లాడితే కమీషన్ కింద 1,500 మిగులుతుంది అనుకుందాం. అప్పుడు సొంతంగా ఇంకో లారీ ఉంటే, అది నడిచిన రోజు 6,000లో ఆ 1,500 పోను అదనంగా 4,500 లాభం. నిలబడిన రోజు 2,500 నష్టం. 2,500ను, ఈ రెండూ కలిపిన 7,000తో భాగిస్తే 36 శాతం దగ్గర తేలుతుంది. ఆ చివరి లారీ అవసరం పడే అవకాశం 36 శాతం కన్నా ఎక్కువ ఉన్నంతవరకు కొనడంలో అర్థం ఉంది. పదకొండో లారీ అవసరపడే అవకాశం 44 శాతం, పన్నెండోది 33 శాతం. కాబట్టి 11 సొంతం, ఆ పైన కిరాయి. బయటి లారీలు అసలు దొరకని ఊరైతే అదే లెక్కలో 12 అవుతాయి. ఇందులో సగటుకు చోటే లేదు. నిలబెట్టడానికి అయ్యే ఖర్చు, లేక పోగొట్టుకునే లాభం, ఈ రెండింటి మధ్య తూకమే జవాబు చెబుతుంది. విజయవాడ ఆటోనగర్ చుట్టుపక్కల లారీ ఓనర్లు ఈ ఫార్ములా పేరు వినకపోయినా, సీజన్ పీక్ చూసి బండి కొన్నవాడు ఆషాఢంలో తాకట్టు కొట్టు మెట్లెక్కుతాడని వాళ్లకు తెలుసు.

కిరాయి విషయంలో మరో తప్పు జరుగుతుంది, దీని ఖరీదు ఇంకా ఎక్కువ. లోడు విలువంటే దాని కిరాయే అనుకోవడం ఆ తప్పు. భీమవరం, కైకలూరు ప్రాంతం నుంచి చేపలు ఐసు వేసుకుని కోల్‌కతా వైపు, అస్సాం వైపు వెళ్తాయి. వెళ్లేటప్పుడు కిరాయి బాగుంటుంది, ఎందుకంటే సరకు ఆగదు, పార్టీ బేరం ఆడే టైము ఉండదు. తిరిగి రావడం దగ్గరికొచ్చేసరికి, చేపల నీరు కారిన బండిలో బట్టల బేళ్లో టీ పెట్టెలో వేయడానికి ఎవరు ఒప్పుకుంటారు? బండి కడగాలి, ఆరాలి, రిటర్న్ లోడు కోసం బ్రోకర్ ఆఫీసు ముందు పడిగాపులు పడాలి.

దీన్ని అంకెల్లో పెడితే ఇలా ఉంటుంది. విజయవాడలో ఒక లారీకి రెండు లోడ్లు వచ్చాయి, రెండింటికీ పోయి రావడానికి పట్టే రోజులు సమానమే అనుకుందాం. మొదటి లోడు మీద 22,000 మిగులుతుంది, కానీ అక్కడ రిటర్న్ దొరికే అవకాశం 30 శాతమే. దొరికితే 12,000 వస్తుంది, దొరక్కపోతే ఖాళీగా రావడానికి 18,000 పోతుంది. రెండో లోడు మీద 14,000 మాత్రమే. కానీ అక్కడ 90 శాతం రిటర్న్ దొరుకుతుంది, దాని మీద 9,000 వస్తుంది. దొరక్కపోతే 5,000 పోతుంది. మొదటిది కూడికలు తీసివేతలు అయ్యాక 13,000 దగ్గర ఆగుతుంది. రెండోది 21,600కు చేరుతుంది. ఫోన్లో వినగానే ఎనిమిది వేలు ఎక్కువ అనిపించిన లోడు, తిరిగొచ్చేసరికి ఎనిమిది వేలకు పైగా తక్కువ.

1980ల్లో అమెరికాలో ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ వారెన్ పావెల్, ఆయనతో పనిచేసినవాళ్లు నార్త్ అమెరికన్ వ్యాన్ లైన్స్ అనే రవాణా కంపెనీ లారీల కోసం కట్టిన పద్ధతికి ఈ ఆలోచనే మూలం. ఫలానా ఊళ్లో, ఫలానా రోజు ఒక ఖాళీ లారీ ఉండటానికి ఒక విలువ కట్టాలి. లోడు ఒప్పుకునేటప్పుడు, బండి చేరే ఊళ్లో ఆ విలువ ఎంతో కిరాయికి కలపాలి. లారీని ఒక ఊరి నుంచి తీస్తున్నాం కాబట్టి ఇక్కడి విలువ తీసేయాలి కూడా. అప్పటికే ఆ ఊళ్లో ఇరవై ఖాళీ లారీలుంటే ఇరవై ఒకటోదాని విలువ దాదాపు సున్నా. మన బ్రోకర్లు "ఆ లైన్లో బండ్లు ఎక్కువైపోయాయి" అనే మాటకు అర్థం ఇదే. పావెల్ పద్ధతిలో కొత్తదనం ఏమిటంటే, ఆ మాటను ప్రతి ఊరికీ, ప్రతి రోజుకూ డబ్బు లెక్కలోకి మార్చడం, అదీ డిమాండ్ అంకె ఒకటే కాకుండా రకరకాలుగా రావచ్చని ఒప్పుకుంటూ.

డిమాండ్ ఊగడంలో కూడా రకాలున్నాయి. మామిడి సీజన్‌లో విజయవాడ పక్కనున్న నున్న ఊరి మార్కెట్ నుంచి లోడ్లు వారం అటూ ఇటూ కావడం ఒక రకం. పూత చూసి, ఎండ చూసి కొంతైనా అంచనా కట్టవచ్చు. రాత్రికి రాత్రి నేల కదిలిపోవడం ఇంకో రకం. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపేసింది. అంతకు ముందు ఏడాది సెప్టెంబర్లోనే నూకల ఎగుమతి ఆగింది. 2023 ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం పడింది. కాకినాడ పోర్టుకు బియ్యం ఎగుమతి ముఖ్యమైన పని. మిల్లుల నుంచి పోర్టు గోడౌన్లకు తిరిగే లారీ ఓనరు పదేళ్ల లెక్కలు ముందేసుకుని ఎంత గొప్ప అంచనా కట్టినా, ఆ రోజు సాయంత్రం వచ్చిన నోటిఫికేషన్ అందులో కనబడదు. నిషేధం 2024 సెప్టెంబర్ చివర్లో గానీ ఎత్తలేదు. పద్నాలుగు నెలలు. లారీ వాయిదా పద్నాలుగు నెలలు ఆగదు.

ఇలాంటి దెబ్బకు అంచనా మందు కాదు. ఒకే సరకు, ఒకే పోర్టు, ఒకే పార్టీ మీద బండ్లన్నీ కట్టకపోవడమే కాస్త కాపాడేది. కానీ దానికీ ఖర్చుంది. బియ్యానికి వాడే మామూలు బాడీ లారీ సిమెంటుకో ఎరువులకో మారగలదు. ఒకే పనికి తయారైన ట్యాంకర్ ఎక్కడికీ మారలేదు, పని ఉన్నన్నాళ్లు మాత్రం బాగా సంపాదిస్తుంది. ఏ బండి కొనాలన్న నిర్ణయంలో సగం వంతు ఇదే ఉంటుంది.

రూల్స్ మారినప్పుడు సప్లయి వైపు కూడా ఇలాగే ఊగుతుంది. 2018లో యాక్సిల్ బరువు పరిమితులు పెంచినప్పుడు పది టైర్ల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు చేరింది. అదే సరకు మోయడానికి అంతకన్నా తక్కువ లారీలు చాలాయి. అంటే దేశంలో కొత్త లారీలు కొనకుండానే లారీలు పెరిగినట్టయింది. అయితే ఈ లాభం సిమెంటు లాంటి బరువు సరకుకే. మిర్చి లారీ తూకం నిండకముందే ఎత్తు నిండిపోతుంది. టిక్కీలు వరస మీద వరస పేర్చి, పట్టా కప్పి, తాళ్లు బిగించాక ఇంక పెట్టడానికి చోటుండదు. డిమాండ్‌ను ఉత్త టన్నుల్లో రాసుకున్న ప్లాన్ మిర్చి దగ్గర తప్పుతుంది.

రైలుకూ లారీకీ మధ్య ఎంపిక దగ్గర ఈ అనిశ్చితి ధర ఎంతో కళ్లారా కనబడుతుంది. 2020 జులైలో, కరోనా వల్ల సరిహద్దు దగ్గర రోడ్డు రవాణా కష్టమైనప్పుడు, గుంటూరు పక్కన రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ఎండు మిర్చితో పార్సిల్ రైలు వెళ్లింది. దేశం సరిహద్దు దాటి పార్సిల్ రైలు వెళ్లడం అదే మొదటిసారి. 384 టన్నుల సరకు. రోడ్డు మీద టన్నుకు 7,000 రూపాయల దాకా అయ్యేది, ఆ రైల్లో 4,608 రూపాయలు అయిందని రైల్వే అప్పుడు చెప్పింది. ఇంత తేడా ఉన్నప్పుడు మిర్చి అంతా ఎప్పుడూ రైల్లోనే ఎందుకు పోదు? మామూలు గూడ్స్ రైలు కావాలంటే ఒకేసారి 1,500 టన్నులకు పైగా సరకు పోగు చేయాలి. టిక్కీల్లో చెప్పాలంటే 37,000కు పైగా. ఆ తారీకుకు అంత సరకు వస్తుందో రాదో తెలియని వ్యాపారి అన్ని టిక్కీలకు ముందే మాట ఇవ్వలేడు. పార్సిల్ రైలు ఆ పరిమితిని గరిష్ఠంగా 500 టన్నుల స్థాయికి దించింది కాబట్టే పని జరిగింది.

టన్ను మీద ఆ 2,400 రూపాయల తేడాలో పెద్ద వంతు, ఆఖరి నిమిషంలో మనసు మార్చుకునే వీలుకు కట్టే ధర. పది టన్నులున్నా లారీ కదులుతుంది, సాయంత్రం చెబితే రాత్రికి ఎక్కుతుంది, దారిలో ఫోన్ చేసి వేరే ఊళ్లో దించమన్నా దించుతుంది. కాబట్టి తెలివైన ప్లాన్‌లో రైలూ లారీ పోటీదారులు కావు. ఎంత తగ్గినా ఇంత లోడు ఖాయం అనుకున్న అడుగు భాగాన్ని చవకైన, ముందే మాట ఇవ్వాల్సిన రవాణాకు వేసి, పైన ఊగే భాగాన్ని లారీలకు వదలాలి. ఇదే కొలత సొంత లారీ, కిరాయి లారీల మధ్య కూడా పనిచేస్తుంది.

గుంటూరు చుట్టుపక్కల వందకు పైగా ఉన్న కోల్డ్ స్టోరేజీలు ఈ ఊగులాటను చాలావరకు మింగేస్తాయి. మూడు నెలల్లో పడే లోడు ఏడాది పొడవునా సర్దుకుంటుంది. పైకి చూస్తే లారీలకు ఇది వరమే. కానీ స్టోరేజీలోకి వెళ్లిన సరకు ఎప్పుడు బయటికొస్తుందో ధర చెబుతుంది. ధర పడితే సరకు ఓనరు తలుపు తీయడు; లేస్తే అందరూ ఒకే వారం తీస్తారు. పంట వల్ల వచ్చే అనిశ్చితి పోయి ధర వల్ల వచ్చేది ఆ చోట కూర్చుంటుంది. అందుకే ఇక్కడ ప్లాన్ వేసేవాడు వర్షపాతం కన్నా స్టాకు లెక్క, ఎగుమతి ఆర్డర్లు చూసుకోవడం మేలు.

పార్సిల్ రవాణాది వేరే లోకం. అక్కడ ఒక పార్టీ లోడుతో బండి నిండదు. హైదరాబాద్‌లో రాత్రి బయల్దేరే బండిలో మందుల డబ్బాలు, మోటార్ స్పేర్లు, చీరల కట్టలు అన్నీ కలిసి ఉంటాయి. నిండినా నిండకపోయినా టైముకు బయల్దేరాలి, లేకపోతే పొద్దున విజయవాడలో దించి చిన్న ఊళ్లకు పంపాల్సిన బండ్లన్నీ ఆగుతాయి. ఇక్కడ ఆదుకునేది కలపడం. నాలుగు బ్రాంచీల్లో ఒక్కోదాని ఊగులాట 2 టన్నులు అనుకుంటే, విడివిడిగా బండ్లు పెట్టుకున్నప్పుడు 8 టన్నుల జాగా అదనంగా ఉంచుకోవాలి. నాలుగింటినీ ఒక హబ్‌కు తెచ్చి కలిపితే, ఒకచోట పెరిగిన రోజు ఇంకోచోట తగ్గుతుంది కాబట్టి 4 టన్నులు చాలు. హబ్‌కు తిప్పి తేవడం వల్ల పెరిగే దూరానికి ఈ ఆదా సరిపోతే హబ్ నిలబడుతుంది.

ఈ లెక్కకు ఒక షరతుంది: నాలుగు ఊళ్లూ దేనికది ఊగాలి. సంక్రాంతి ముందు వారం అన్ని ఊళ్లూ కలిసే పెరుగుతాయి, పండగయ్యాక కలిసే పడిపోతాయి. 2024 సెప్టెంబర్ మొదట్లో వరదలొచ్చి హైదరాబాద్, విజయవాడ మధ్య హైవే ఆగినప్పుడు ఆ లైన్ మీద ఉన్న బ్రాంచీలన్నీ ఒకేసారి చచ్చుబడ్డాయి. హబ్ ఎంత పెద్దదైతే ఆ రోజు అంత ఎక్కువ సరకు అక్కడ ఇరుక్కుంటుంది. మామూలు రోజుల ఊగులాటకు కలపడం మంచిది, అందరినీ ఒకేసారి తాకే దెబ్బకు రెండో దారి, రెండో గోడౌన్ ఉంచుకోవడం మంచిది. రెండూ ఒకే ఖర్చులో దొరకవు. ఆర్టీసీ బస్సుల కార్గోకు మాత్రం ఒక వెసులుబాటుంది. తెలంగాణ ఆర్టీసీ 2020 జూన్‌లో ఈ సర్వీసు మొదలుపెట్టింది. ప్రయాణికుల కోసం బస్సు ఎలాగూ వెళ్తుంది కాబట్టి పార్సిళ్లు రాని రోజు నష్టం దాదాపు ఉండదు.

ఇక అంచనాల సంగతి. సాఫ్ట్‌వేర్ కొనేముందు, తెలిసే అవకాశం ఉండీ ఎవరూ అడగని విషయాలు ఎన్నో చూసుకోవాలి. ఎరువుల ఓడ విశాఖకో కాకినాడకో ఎప్పుడు వస్తుందో కొన్ని రోజుల ముందే తెలుస్తుంది. మిర్చి యార్డు ఎండాకాలం సెలవులు ముందే ప్రకటిస్తారు. సిమెంటు ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ కోసం ఎప్పుడు ఆపుతుందో డిస్పాచ్ సెక్షన్‌లో వాళ్లకు తెలుసు. ఇవన్నీ అనిశ్చితి కింద రాసుకోవడం అన్యాయం. అవి కేవలం అడగని ప్రశ్నలు. వాటిని తీసేశాక మిగిలిన దానికి అంచనా కట్టాలి, అదీ ఒక్క అంకెలా కాకుండా "తగ్గితే ఇంత, పెరిగితే ఇంత" అని. రెండు అంకెలు చూసినవాడు మధ్యాహ్నానికి ఏం చేయాలో ముందే అనుకుని ఉంటాడు.

అన్నిటికన్నా బాధ పెట్టేది, ఈ మొత్తం ఊగులాట ఖర్చు ఎవరి మీద పడుతోందన్నది. మన దగ్గర లారీ ఓనర్లలో ఎక్కువ మంది అయిదు బండ్ల లోపు వాళ్లే. చాలామంది ఒక్క బండితో తామే డ్రైవర్లు. ఫ్యాక్టరీ తనకు లోడు ఎప్పుడు ఉంటుందో తెలియదు కాబట్టి నాలుగు లారీలు అదనంగా పిలిచి గేటు బయట నిలబెడుతుంది. దించే చోట గోడౌన్ నిండిపోతే లారీనే రెండు రోజులు గోడౌన్‌గా వాడుకుంటారు. హాల్టింగ్, అంటే బండి ఆగినందుకు కట్టే డబ్బు, ఇస్తామని ముందు ఒప్పుకున్నా, బ్యాలెన్స్ కిరాయి ఇచ్చేటప్పుడు అది బేరంలో కరిగిపోతుంది. మోటార్ రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు ఎనిమిది గంటల పని అని రాసింది. గేటు దగ్గర క్యూలో స్టీరింగ్ వదలకుండా కూర్చున్న రాత్రిని ఆ ఎనిమిది గంటల్లో ఎవరూ కలపరు. పొద్దున లోడు దిగాక, పోయిన టైము కూడదీసుకోవాలని అదే మనిషి నిద్ర లేకుండా హైవే ఎక్కుతాడు.

వేచి ఉండటం పార్టీకి ఉచితమైనంత కాలం పార్టీ తన డిమాండ్‌ను ముందుగా చెప్పడానికి కారణం ఉండదు. కాంట్రాక్టులో మూడు రకాల అంకెలు రాస్తే ఇది మారుతుంది: ఒకటి, నెలకు ఇన్ని లోడ్లు కనీసం, అవి ఇవ్వకపోయినా ఇంత కడతాం; రెండు, రెండు రోజుల ముందు చెప్పిన లోడుకు ఇంత, అప్పటికప్పుడు చెప్పిన దానికి ఇంత; మూడు, గేటు దగ్గర ఆరు గంటలు దాటితే గంటకు ఇంత. మూడో అంకె పడిన రోజు గోడౌన్ మేనేజర్ హమాలీలను ముందే పిలుస్తాడు.

ఆ అంకె ఎంత ఉండాలో తేల్చడానికి కొత్త సర్వే ఏమీ అక్కర్లేదు. దాదాపు ప్రతి ఫ్యాక్టరీ గేటు దగ్గరా సెక్యూరిటీ టేబుల్ మీద ఒక పొడుగాటి రిజిస్టర్ ఉంటుంది. బండి నంబరు, డ్రైవర్ సంతకం, లోపలికొచ్చిన టైము, బయటికెళ్లిన టైము. ఏ వారం ఏ గంటకు బండి వస్తే ఎంతసేపు ఆగిందో, ఏ పార్టీ దగ్గర రేపటి ట్రిప్పు రోజూ చెడుతోందో అందులో వరసగా రాసి ఉంది. నిండగానే దాన్ని మూలన పడేసి కొత్తది తెరుస్తారు.